పస్కా పూట పులిహోర

పిస్కాటవే, 1984

రూత్ ఆంటీ,

ఈ తెలుగు ఉత్తరం మీరు బతికున్నా చదవలేకపోయేవారు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నిన్న మీ యూదుల పస్కా పండుగ. మీరు లేని మొదటి పస్కా. ఈసారి పండుగ చేయనని డేవిడ్ అంకుల్ ముందే చెప్పేశారు. సాయంత్రమైనా కింద మీ ఇంట్లో దీపం వెలగలేదు.

వెళ్లాలా, వద్దా? పై వాటాలో అద్దెకున్నదాన్ని, మీ మతం కూడా కాదు. ఆయన మనసు నొచ్చుకుంటే? మోషే చెయ్యి చాపగానే సముద్రం పాయలైందని కాన్వెంట్‌లో సిస్టర్లు చెప్పారు. మీరు మాత్రం, "అంతకుముందే ఒకడు నీళ్లలోకి దిగాడే పిల్లా. ముక్కుదాకా మునిగాకే దారి ఏర్పడింది. అది మా పెద్దల కథ," అనేవారు.

దిగాను. పస్కాకి పొంగిన బ్రెడ్ కూడదని తెలుసు కాబట్టి పులిహోర చేసి పట్టుకెళ్లాను.

అంకుల్ గిన్నెలోకి చూశారు. "అన్నమా? పస్కాకి మా ఇంట్లో అన్నం ముట్టం!"

"సారీ అంకుల్, వెళ్తాను."

"ఎక్కడికి? రూత్ ఉంటే నిన్ను గిన్నెతో సహా తరిమేది!" అని పెద్దగా నవ్వారు. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

గిన్నె బయటే పెట్టించి, బల్ల మీద మీ తెల్ల గుడ్డ పరిచారు. పొంగని రొట్టె, ద్రాక్షరసం పెట్టారు. బల్ల దగ్గర అందరిలో చిన్నవాళ్లు ప్రశ్న అడగాలట, జవాబుగా పెద్దవాళ్లు ఆ సముద్రం దాటిన కథ చెప్పాలట.

"ఇద్దరమేగా. నువ్వే చిన్న. కానీ, అడుగు."

క్లాసులో ఏనాడూ చెయ్యెత్తని నేను పైకే అడిగాను. "మిగతా రాత్రులకీ ఈ రాత్రికీ తేడా ఏమిటి?"

ఆయన మీ ఖాళీ కుర్చీ వైపు చూశారు. నెమ్మదిగా జవాబు మొదలుపెట్టారు.