అద్దం మీది రెండు గీతలు

బీరమ్మా,

నువ్వు బడికి పోయాక అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. కాన్పుకు ఇంకా రెండు నెలలు ఉండగానే. నల్గొండ దవాఖానకు తీసుకుపోతున్నా. రాగానే మేకలకు నీళ్లు పెట్టు. పక్కింటి బిక్షమ్మవ్వ దగ్గర తిని అక్కడే పడుకో. మసి పూసిన ఆ అద్దంలోంచి సూర్యుణ్ణి మాత్రం చూడకు, కళ్లు పోతాయి. నేను వచ్చాక మళ్లీ దీపాన్నే చూద్దాం.

నిన్న ఆ మసి మీద బ్లేడుతో గీసిన రెండు గీతల్లోంచి దీపం చారలు చారలుగా కనబడితే, వెలుగు రెండు దారుల్లోనూ ఒకేసారి వచ్చిందన్నాను. ఊరుకోక, మనకు కనబడని ఇంకో లోకం కూడా ఉండొచ్చని, ఇక్కడ జరగనిది అక్కడ జరుగుతుందేమోనని అన్నాను. అదంతా నువ్వు అమ్మకు చెప్పావట. బండి ఎక్కుతూ నన్ను అడిగింది: "నేను లేని లోకం గూడ ఉంటదా? గాడ పిల్లకు జడ ఎవలేస్తరు?"

బండిని ఆగమని, లోపలికి వచ్చి ఈ చీటీ రాస్తున్నా.

బాపు

దువ్వెన గూట్లో ఉంది. రేపు జడ నువ్వే వేసుకో. వంకరగా వచ్చినా ఫర్వాలేదు.