గోడ అవతలి సముద్రం

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈరోజు నేను ఈ అరబ్బు దేశంలో రూవి నుంచి సీబ్‌కు ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. నువ్వుంటే నమ్మేదానివి కాదు.

మీ మరిదికి డ్యూటీ ఉంది. "తప్పిపోతే యాడ వెతకాల నిన్ను?" అన్నాడు. "సముద్రం పక్కనే గదా, దాన్ని పట్టుకొని వచ్చేస్తాలే" అన్నాను.

నేను ఎక్కగానే చిన్న బస్సులోని మగవాళ్ళంతా దిగిపోయారు. బస్సు ఇక పోదేమోనని నేనూ దిగాను. అందరూ నవ్వారు. ఆడమనిషి పక్కన పరాయి మగవాడు కూర్చోకుండా ఇక్కడ అలా సీట్లు సర్దుకుంటారట. "బైఠో బెహన్, బైఠో" అన్నాడు డ్రైవరు.

నువ్వు పనిచేసిన పచ్చ గేటు ఇల్లు కనుక్కున్నాను. వంటింట్లోకి అలల చప్పుడు వినబడేదే గానీ సముద్రాన్ని ఒక్కసారీ చూడనియ్యలేదని చెప్పేదానివి. ఆ గోడ దాటితే ఇసుకే అక్కా. బిందె పట్టుకొని నీళ్ళకు పోయేంత దూరం కూడా లేదు.

చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. గోడ లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. నలుగురిలో నోరు విప్పని నేను గోడకేసి తిరిగి గట్టిగా చెప్పాను.

"నీలంగా ఉందక్కా. ఎండకు తళతళమంటాంది."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటి వరకు మళ్ళీ మొదలవలేదు.