యెఫ్తా కూతురి పేరు

అక్టోబరు 3, 1927

నా పద్యనాటకాన్ని మన ఊరి నాటకశాల ఒప్పుకుంది. దర్శకుడు ఫింకె స్వయంగా వచ్చి చెప్పాడు. ఈ సంతోషం ఎవరితో పంచుకోను? నాన్నగారి సమాధి దాకా నడిచి, వానలో తిరిగివచ్చాను.

అక్టోబరు 19

ముగింపు పద్యాలు తీసేస్తాడట ఫింకె! "అమ్మగారూ, పిల్ల పద్యాలు అయ్యేదాకా కత్తి ఎత్తి నిలబడలేక మా యెఫ్తాకు చెయ్యి పీకుతోంది. జనం కూడా అప్పటికి ఇంటికి పోదామని కోట్లు వెతుక్కుంటారు" అన్నాడు.

బైబిలు లేఖనం యెఫ్తాకు పేరిచ్చింది. అతడు గెలిచిన పట్టణాలకూ పేర్లిచ్చింది. యుద్ధంలో గెలుపు కోసం అతడు మొక్కిన మొక్కుకు బలి అయిన కూతురికి మాత్రం ఇవ్వలేదు. నా పద్యాల్లో ఆమె తన పేరు తానే చెబుతుంది. ఆ ఒక్క మాట కోసమే నాటకమంతా రాశాను. అది లేకుంటే నాటకం రాతప్రతి వెనక్కి తీసుకుంటానన్నాను. ఫింకె నిట్టూర్చి తల ఊపాడు.

నవంబరు 11

కూతురి పాత్రధారిణి ఆల్మూట్ పద్యాలు నేర్చుకోవడానికి మళ్లీ వచ్చింది. పెళ్లికానిదాన్నని నన్ను ఫ్రాయిలైన్ అనే పిలుస్తుంది. "మీ పద్యపాదాల మధ్య ఊపిరికి చోటే లేదు, ఫ్రాయిలైన్! నన్నూ బలిచ్చేస్తారా ఏం?" అని పడీపడీ నవ్వింది. ఆపిల్ కేకు రెండోసారి అడిగి తిన్నది.

ఆమె వెళ్లాక, కాఫీ తాగిన ఆ కప్పు కడగబుద్ధి కాలేదు.

నవంబరు 27, ఉదయం

నిన్న తెర లేచే ముందు ఆల్మూట్ పరుగున వచ్చి, నా ఎడమ భుజం మీదుగా ముమ్మారు ఉమ్మినట్టు చేసి, "తోయ్, తోయ్, తోయ్!" అన్నది, నాటకాలవాళ్లు దిష్టి తగలకుండా అనే మాట. పాస్టరు బిడ్డను, అలవాటుగా కృతజ్ఞతలమ్మా అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, ఎంత పని చేశారండీ! దానికి థాంక్స్ చెప్పకూడదు. చెబితే అంతా చెడుతుంది!"

చెడింది. చివరి ఘట్టంలో ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. వేదిక ముందరి పెట్టెలో కూర్చుని మాటలందించే ప్రాంప్టరు తొలి పాదం అందించాడు. మూడో వరుసలోని నాకు వినబడింది, ఆమెకు వినబడలేదు. తెర దించారు.

ఆపై సభంతా లేచి నిలబడి చప్పట్లు.

డిసెంబరు 2

మున్‌స్టర్ నగర పత్రిక ఆ మౌనాన్ని ఆకాశానికెత్తింది. ఇక ప్రతి ప్రదర్శనలోనూ అదే ఉంచుతాడట ఫింకె. "మీరు రాసినవాటిలో ఇదే గొప్పదండీ!" అన్నాడు, వేళాకోళం ఏమీ లేకుండా. "నాకూ ఇదే మేలు, ఫ్రాయిలైన్. ఆ పద్యాలంటే ఇప్పుడు భయం" అన్నది ఆల్మూట్, నా చెయ్యి పట్టుకొని.

రాతప్రతి వెనక్కి ఇచ్చేయమనబోయాను. ఇచ్చేస్తే ఆల్మూట్ మా ఇంటికి ఇక ఎందుకు వస్తుంది?

సరేనన్నాను.

డిసెంబరు 4

మళ్లీ ఆ మౌనం. చీకట్లో, నా సీట్లోనే, యెఫ్తా కూతురికి నేనిచ్చిన పేరు మెల్లగా పలికాను.

పక్కావిడ నా మోచేతిని తట్టింది. "ష్, మామ్మగారూ! అసలు ఘట్టం ఇదే."