కణాలకు సెలవు

మేంగ్ ప్రొఫెసర్ గారికి,

నిన్నటి విందులో మీరు గ్లాసెత్తి, "మన కొత్త మందు మొండి కేన్సర్ కణాల పొగరు అణిచింది!" అన్నారు. నేనూ మర్యాదగా తల పక్కకి తిప్పుకుని సోజు సారా తాగాను. పెద్దల ముందు మేం నోరు తెరిచేది తాగడానికే కదా.

ఆ కణాలు లోపలికొచ్చిన ఏ మందునైనా బయటికి తోడిపారేస్తాయి. రోజూ కాస్త పాత మందు తగులుతుంటేనే ఆ మొండితనం నిలుస్తుందని నాకు నేర్పింది మీరే. చుసోక్ పండక్కి ఊరెళ్తూ, "పాపం, వాటికీ సెలవివ్వమ్మా" అని ఆ మందు మాన్పించిందీ మీరే. మీరు తిరిగొచ్చాక మళ్ళీ వెయ్యనా అని అడిగితే "చెప్తాలే" అన్నారు. ఊరంతా చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టేసుకునే రోజులొచ్చినా మీరు చెప్పలేదు. మీరు చెప్పలేదు కాబట్టి నేను వెయ్యలేదు.

మొన్న, ఎప్పుడూ జతగా వేసే మీ కొత్త మందు లేకుండా, పాతదొక్కటే వేసి పెట్టాను. ఇవాళ చూస్తే కణాలన్నీ చచ్చాయి. సెలవుల్లో అవి మొండితనం మర్చిపోయాయి సార్. మన కోడి కూసింది కాబట్టే తెల్లారిందని చాటుకున్నాం.

కొత్త మందు మొదట ఇచ్చే రోగుల్లో మా అక్క ఉంది. "నువ్వా ల్యాబ్‌లోనే ఉన్నావుగా, నాకేం భయం?" అంటోంది. ఆమె కడుపులో మొండి కణాలకు ఎవరూ సెలవివ్వలేదు.

ఆ మందు ఆపమని ఆసుపత్రికీ రాశాను. మొన్నటి పరీక్షా, ఈ ఉత్తరాలూ: మీరు చెప్పకుండా నేను చేసిన మొదటి పనులు ఇవే.

ఇట్లు,
మీ ల్యాబ్ టెక్నీషియన్