‘పెన్న దాటిన పిల్ల’ పుస్తకానికి నేను చేసిన ఏర్పాటు

కడప జిల్లా ప్రొద్దుటూరులో కాపురముంటున్న, కీర్తిశేషులు తల్లం ఓబయ్యశెట్టిగారి కుమార్తె, రిటైరైన బోర్డుస్కూలు టీచరు సుబ్బరత్నమ్మ అను నేను, నా తదనంతరం జరగవలసిన వాటిని గురించి రాసి పెడుతున్న వీలునామా.

నా మోకాళ్ళు పనిచేయడం లేదు గాని బుద్ధి పనిచేస్తోంది. ఈ రాత నాదే, ఆలోచన నాదే. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బలవంతపెట్టేటంత దగ్గరగా ఎవరూ లేరు కూడా. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసినట్టు ఎవరైనా కాగితం చూపిస్తే అది చెల్లదు.

1. నేను పోయిన సంగతి మొదట తెలిసేది పాలు పోసే నాగమ్మకు. పొద్దున్నే ఆమె తప్ప నా తలుపు తట్టేవాళ్ళు లేరు. “టీచరమ్మా, లేసినావా?” అని అడుగుతుంది. రోజు మొత్తంలో నన్ను ఏదైనా అడిగేది ఆమె ఒక్కతే. ఏదో ఒకనాడు నేను పలకను. అప్పుడు ఆమె కంగారుపడకుండా పక్కనే ఉన్న మా తమ్ముడింటికి చెప్పవలెను. నా రాగిబిందె, ఇత్తడి గంగాళం, తక్కిన వంటసామాను యావత్తూ నాగమ్మకు చెందవలెను. మా తమ్ముడి కోడళ్ళు ఏమన్నా ఆమె వెనక్కి ఇవ్వనక్కర లేదు.

2. మా నాన్నగారి ఇంటిలో నా భాగానికి వచ్చిన గదులు, వెనక పెరడు నా తమ్ముడు ఆదినారాయణకు చెందవలెను. ప్రేమకొద్దీ రాస్తున్నానని అనుకోవద్దు. గోడ ఉమ్మడిది, వేరేవాళ్ళకు రాస్తే వాళ్ళు బతకలేరు. మా అన్న పెన్సిలుతో గీసిన బొమ్మ ఒకటి, నాన్న అంగట్లో త్రాసు పట్టుకొని కూర్చున్నది, నా పడకగోడకు ఉంది. అది కూడా ఆదినారాయణకే. ఇది మాత్రం ప్రేమతోనే ఇస్తున్నాను. చిన్నప్పుడు వాడు బడినుంచి వచ్చి నా గది గడప మీద కూర్చొని మరమరాలు తినేవాడు. సగం నాకు మిగిల్చేవాడు.

3. నా కుర్చీ, గోడగడియారం, పాఠ్యపుస్తకాలు ఆడపిల్లల బడి హెడ్‌మిస్ట్రెస్ శ్యామలమ్మకు చెందవలెను. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే. ఆమె నా దగ్గర ఉద్యోగంలో చేరినప్పుడు మాట మెత్తన. ఇప్పుడు మెత్తన కాదు. అందుకే ఆమెను ఎంచుకున్నాను.

4. ఇక పుస్తకం సంగతి. ఈ అంశం పొడుగైందనీ కుదించమనీ వకీలు గుమాస్తా అమీర్ బాషా అన్నాడు. కుదించను. మొదలు తెలియకపోతే నేను పెట్టిన షరతులు ఎవరికీ అర్థం కావు.

నాకు ఊహ తెలియకముందే పెళ్ళి చేశారు. బొట్టు పోయేనాటికి పలక మీద ‘అ’ దిద్దడం కూడా రాదు. జుట్టు తీసేసి వెనక గదిలో కూర్చోబెట్టారు. పండగైనా పెళ్ళైనా ఆ గది తలుపు దగ్గరికి వేసేవాళ్ళు. మా పెద్దన్న నారాయణ అప్పటికే అంగట్లో కూర్చునే వయసువాడు. కూర్చునేవాడే గాని బేరం మీద ధ్యాస ఉండేది కాదు, బొమ్మలు గీసేవాడు. ఒకరోజు నాకొక కాగితం తెచ్చి ఇచ్చాడు. కాగితం నిండా గడులు గీసి, గడికొక బొమ్మ వేసి, బొమ్మ కింద ఒక్కొక్క మాట రాశాడు. ఒక పిల్ల ఇంట్లోంచి బయటికి నడుస్తూ ఉంటుంది. ఆ పిల్లకు రెండు జడలు. మొహం నాది. కింద ఏం రాశావని అడిగితే చెప్పలేదు. చదువుకో అన్నాడు. తరువాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆశతో నేను అక్షరాలు నేర్చుకున్నాను. పిల్ల ఎద్దులబండి ఎక్కింది, జమ్మలమడుగు చూసింది, పెన్న ఇసకలో నడిచి ఆవలి ఒడ్డుకు పోయింది, గండికోట ఎక్కింది. ఆ ప్రయాణం అంతా నేను ఆ గదిలో కూర్చొనే చేశాను. తరువాతి రోజుల్లో ట్రైనింగు పాసై ఈ జిల్లాలో ఎన్ని ఊళ్ళలో పనిచేసినా ఆ మొదటి ప్రయాణంలాంటిది మళ్ళీ లేదు.

ఆ కాగితాలన్నీ కలిపి పుస్తకం వేయిస్తానని అన్న తన చెవిపోగులు అమ్మి మద్రాసులో అచ్చు వేయించాడు. నలుపు ఒక్కటే అచ్చు. రంగులు ప్రతి పుస్తకానికీ చేత్తో వేసింది జమ్మలమడుగు హుమాయున్. జట్కాబండ్లకు రంగులు వేసే ఇంటి కుర్రవాడు, మా అన్నకు ప్రాణస్నేహితుడు. పుస్తకాలు ఎవరూ కొనలేదు. ఊరూరా విషజ్వరాలు వచ్చిన ఏడు అన్న పోయాడు. హుమాయున్‌ను ఇక ఇంటికి రావద్దని నాన్న చెప్పాడు. పుస్తకాల కట్టలు అంగట్లోకి చేరి ఒక్కొక్క కాగితమే పొట్లాలైపోయాయి. నాన్న దుర్మార్గుడు కాడు. కాగితం కాగితమే అనుకునే మనిషి. అన్న బొమ్మల్లో జీలకర్ర కట్టుకొని జనం వెళ్ళిపోతుంటే వెనక గది కిటికీలోంచి చూశాను. నా దగ్గరున్న ఒక్క ప్రతి మిగిలింది.

ఇప్పుడు దాని అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. తిప్పితే విరుగుతుంది. కోట మీద పిల్ల నిలబడిన పేజీకి చెదలు పట్టి మొహం తినేశాయి. అందుకని తెరవడం మానేసి, గుడ్డలో చుట్టి, వేపాకు వేసి అల్మారాలో పెట్టాను. అట్లా చాలా ఏళ్ళు గడిచాయి.

మొన్నటి ఏడు, పాత అచ్చుపుస్తకాలు పోగుచేసే మద్రాసు పెద్దమనిషి ఒకాయన శ్యామలమ్మ ద్వారా విని వచ్చాడు. తెలుగులో ఇట్లా గడులు కట్టి బొమ్మల్లో కథ చెప్పిన పుస్తకం ఇంత పాతది తాను చూడలేదన్నాడు. “అమ్మా, దీన్ని బాగుచేయించకండి. జిగురు తగిలితే విలువ పోతుంది. ఉన్నది ఉన్నట్టు నాకివ్వండి, అద్దాలపెట్టెలో భద్రంగా పెడతాను” అన్నాడు. ఆయన చెప్పిన ధర విని ఆదినారాయణ నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. వాడు అట్లా వచ్చి కూర్చొని ఏళ్ళయింది. “అక్కా, చింపిరి పుస్తకానికి అన్ని దుడ్లు ఇస్తాననేటోడు మళ్ళా దొరకడు. ఇయ్యక, నెత్తిన పెట్టుకుంటావా?” అన్నాడు. పుస్తకం కోసం వచ్చినా, వచ్చాడు కదా అనిపించింది. కాసేపు కూర్చోమన్నాను. కూర్చోలేదు.

బాగుచేయించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా, అమ్మేయాలా అని అడగడానికి నాకు మనిషి లేడు. చివరికి పుస్తకం ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. హుమాయున్ ముసలివాడయ్యాడు, నేనెవరో ఆయనకు తెలియలేదు. పేరు చెప్పాక లేచి నిలబడ్డాడు. ఆయన కూతురు మైమూన్ టీ తెచ్చి, నాకు ఇవ్వవచ్చునో లేదో తెలియక గడప దగ్గరే ఆగిపోయింది. నేనే లేచి వెళ్ళి తీసుకున్నాను.

ఆయన పుస్తకం విప్పి, రాలిన పొడిని అరచేతిలోకి ఎత్తుకున్నాడు.

“దీన్ని సదివి ఎన్నాళ్లాయ రత్నమ్మా?”

చదవడం లేదు, దాచిపెట్టానని చెప్పాను.

“దాసిపెట్టేకేనా మేము రంగులేసింది?” అన్నాడు. కోపంగా అనలేదు. “సెదలు పట్టకుండా గంజిలో మైలతుత్తం కలిపి, పల్చని మల్లుగుడ్డ పెట్టి అతికిస్తా. తిప్పితే ఇరగదు. మొగం మాత్రం నన్ను గీయమనొద్దు. ఆ పొద్దు నీ మొగం నేను సూసిందే లేదు. నారాయణప్ప గీసుకొస్తే రంగేసేవోణ్ణి. ఇప్పుడు గీస్తే, ఈ ముసలామె సిన్నప్పుడు ఇట్లుంటాదేమోనని గీసేదయితాది. అది దొంగబొమ్మ.”

అప్పుడు నేను ఎవరికీ చెప్పని ఒక సంగతి ఆయనకు చెప్పాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పులివెందులలో పనిచేశాను. బడికి రాని ఒక పిల్ల కోసం వాళ్ళింటికి పోతే, పిల్ల అవ్వ గురమ్మ చీరలపెట్టె తెరిచి ఉంది. మూత లోపలి వైపు మా అన్న కాగితం అతికించి ఉంది. కోట మీది పేజీయే. ఒక కాగితమైనా మిగిలిందనుకొని, ఏమీ అడగకుండా తిరిగి వచ్చాను. అడిగితే ఏడుపొస్తుందని భయం.

హుమాయున్, మైమూన్, నేను ముగ్గురం పులివెందుల పోయాము. పెట్టె అట్లాగే ఉంది. మడతల గుర్తులు, నూనె మరకలు ఉన్నాయి. మొహం మాత్రం చెక్కుచెదరలేదు. రెండు జడలతో నేను నవ్వుతున్నాను. నా పుస్తకంలో పిల్ల పావడా ఎరుపు, దీంట్లో పచ్చ. ఎరుపు అయిపోయి ఉంటుందన్నాడు హుమాయున్.

గురమ్మ మేము చెప్పిందంతా విన్నది. “ప్రొద్దుటూర్లో పెండ్లిసరుకు తెస్తి. పొట్లం ఇప్పితే ఈ పాప. పారేసేకి మనసు రాలా. నీ మొగమే అయితే నువ్వే తీసుకోమ్మా” అన్నది. హుమాయున్ గోటితో అంచు తడిమి చూసి, “ఒలిస్తే ఈడా ఉండదు, ఆడా ఉండదు” అన్నాడు. తెచ్చుకున్న కాగితం పరిచి, పెట్టె ముందు కూర్చొని, ఆ మొహం చూసి గీయడం మొదలుపెట్టాడు.

ఆయన గీస్తుండగా గురమ్మ నన్నడిగింది. “కింద ఏమో రాసినారు గదమ్మా. మా ఇంట్లో సదివేవోళ్ళు వచ్చేతలికి నా కండ్లు పోయ, అడిగేది మర్సిపోతి. ఏంది అది?”

చదివాను. ‘ఇక్కడి నుంచి మా ఇల్లు కనబడడం లేదు.’

“అట్లనా. ఇల్లు కనపడ్తాందని నవ్వుతాందేమో అనుకొంటి, ఇన్నాళ్ళూ” అన్నది.

ఆ మాటతో నాకు తీర్మానం కుదిరింది. పుస్తకం చదవడానికి చేసిన వస్తువు. చదివి చెప్పేవాళ్ళు లేక గురమ్మకు ఒక రకంగా, చదవడం వచ్చి కూడా దాచుకొని నాకు ఇంకో రకంగా, ఇద్దరికీ అది అందకుండా పోయింది. మద్రాసు పెద్దమనిషికి ఇవ్వలేనని చెప్పించాను. ఆయన బాధపడ్డాడే గాని నిష్ఠూరం ఆడలేదు. ఆదినారాయణ మాట్లాడడం మానేశాడు.

ఈ చలికాలంలో హుమాయున్ పుస్తకాన్ని అతికించి ఇచ్చాడు. మా అన్న గీతల మీద ఒక్క గీత కూడా కలపలేదు. చెదలు తిన్నచోట తెల్లకాగితం వెనక వేసి ఖాళీగానే వదిలాడు. తాను గీసిన మొహాన్ని ఆ పేజీకి ఎదురుగా వేరే కాగితంగా కుట్టి, కింద తన పేరు, ఈ సంవత్సరం అంకె వేశాడు. ఏది ఎవరిదో పిల్లలకు కూడా తెలుస్తుంది. పుస్తకం ఇంటికి తెచ్చుకొని మొదటినుంచి చివరిదాకా చదివాను. వినడానికి ఎవరూ లేరు. అయినా పైకే చదివాను.

కాబట్టి సదరు పుస్తకం విషయంలో నా నిర్ణయం:

పుస్తకం ప్రొద్దుటూరు ఆడపిల్లల బడికి చెందవలెను. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. తాళం వేసినట్టు తెలిసినరోజున ఈ దానం రద్దయి, పుస్తకం మైమూన్‌కు చెందవలెను. అడిగి తీసుకుపోవలసింది ఆమే.

ఏ పిల్లనైనా ఏ కారణం చేతనైనా ఇంటివాళ్ళు బడి మాన్పిస్తే, శ్యామలమ్మ గాని, ఆ తరువాత వచ్చేవారు గాని, పుస్తకాన్ని ఆ ఇంటికి తీసుకుపోయి ఆ పిల్ల చేతికి ఇవ్వవలెను. ఇంటివాళ్ళ చేతికి కాదు. తిరిగి రాకపోతే వెతకనక్కర లేదు.

గురమ్మ పెట్టెలోని కాగితం గురమ్మది. పుస్తకం పూర్తిచేయాలన్న పేరుతో నా వారసులు గాని, బడివారు గాని, కొనుక్కునేవారు గాని దాని జోలికి పోరాదు.

చిరిగితే మళ్ళీ అతికించవచ్చు. గంజి కాచే తీరు మైమూన్‌కు తెలుసు. ఖాళీగా వదిలిన చోట మాత్రం ఎవరూ ఏమీ గీయకూడదు.

5. నా అంత్యక్రియలకు శ్యామలమ్మ దగ్గర సొమ్ము ఉంచాను. బడికి సెలవు ఇవ్వవద్దు.

6. మా అన్న కుంచెలు హుమాయున్‌కు రాయాలనుకున్నాను. సాక్షి సంతకం చేసేవారికి ఏదైనా రాస్తే అది చెల్లదని అమీర్ బాషా చెప్పాడు. అందుకని నిన్న హుమాయున్ వచ్చినప్పుడే కుంచెలను ఆయన సంచిలో వేసి ఇచ్చేశాను. బతికుండగా చేత్తో ఇచ్చినదానికి వీలునామా అక్కరలేదు. ఒక్క సంతకం కోసం ఈ వయసులో జమ్మలమడుగు నుంచి మళ్ళీ బస్సెక్కి రావడం ఎందుకు, ఊళ్ళోవాళ్ళనే ఎవరినైనా పిలుస్తానులే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “నారాయణప్ప సెల్లెలు మతిలో ఉండే రాసిందని సెప్పేకి ఇంగ ఎవురుండారు రత్నమ్మా” అన్నాడు.

చదువుకొని, సరిగా ఉన్నదని ఒప్పుకొని, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

ప్రొద్దుటూరు,
1963 ఫిబ్రవరి 14, గురువారం,
శుభకృత్ నామ సంవత్సరం, మాఘమాసం.

(సం.) తల్లం సుబ్బరత్నమ్మ

సాక్షులు:
హుమాయున్, జట్కాబండ్లకు రంగులు వేసేవారు, జమ్మలమడుగు (ఉర్దూలో సంతకం)
అమీర్ బాషా, వకీలు గుమాస్తా, ప్రొద్దుటూరు