ఈరయ్య మామ లినక్స్ అలక

తాండూరు

చిరంజీవి మేనకోడలు స్నేహలతకు మామ ఈరయ్య రాయునది ఏమనగా, ఇక్కడ గొర్లన్నీ క్షేమం. నేను మాత్రం క్షేమం కాను.

ఫోన్ ఎత్తుతలేనని అక్క పరేషాన్ అయితున్నదట. ఎత్తితే నువ్వు "మామా, మామా" అంటవు, నా కోపం దిగిపోతది. కాయితం మీద పెడితే దిగది. అందుకే రాసి మా పక్కింటి మత్తయ్య చేతికిచ్చి పంపుతున్న. రోజూ పొద్దుగాల రైల్ల వికారాబాద్ బట్టల దుకాణానికి వచ్చేటోడే గద.

నువ్వు కంప్యూటర్ల గొర్ల ఆట తయారుచేసినవని విన్న. మందను కాగ్నా వాగు దాటించి అనంతగిరి గుట్ట ఎక్కించాల్నట. మస్తు సంతోషమైంది. నేను గొర్ల పెంపకందార్ల సంఘానికి ప్రెసిడెంటునాయె, సంఘం కంప్యూటర్ మా ఇంట్లనే ఉండె. "నా కోడలు చేసిన ఆట చూద్దురు రాండ్రి" అని సంఘపోళ్లందర్ని పిలిచిన. మీ అత్త ఇంద్రమ్మ అందరికి చాయ పెట్టింది. ఆట నొక్కిన. "ఈ కంప్యూటర్‌లో ఈ ఆట నడవదు" అని వచ్చింది. అందరి ముంగట! అదే ఆట మత్తయ్య ఇంట్ల నడుస్తున్నది. నీకు కాబోయే అత్తగారింట్ల నడుస్తున్నది. మేనమామ ఇంటికే రాదా? ఊరందర్ని బంతిల కూసోబెట్టి నన్ను గడప అవతల నిలబెట్టినవ్.

వచ్చే నెల నీ పెండ్లి. పెండ్లిపిల్లను గంపల కూసోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. ఈసారి ఆ గంప ఇంకెవ్వలతోనన్న మోయించుకోండ్రి. ఆట నడిచిన ఇంటోళ్లే మోస్తరు.

దీవెనలు కోపం తగ్గినంక పంపిస్త.

నీ మామ,
ఈరయ్య

తా.క. మత్తయ్యా, రైల్ల ఈ ఉత్తరం ఇప్పి చదువుతున్నవని నాకు ఎరుకే. చదివినంక మంచిగ మడతపెట్టు.

*

వికారాబాద్

మామకు, అత్తకు స్నేహలత నమస్కారాలు.

మామా, ఒట్టు, నేను ఎవరినీ గడప బయట నిలబెట్టలేదు. కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. మత్తయ్య కాక ఇంట్లో ఉన్నది విండోస్. మీ సంఘానిదేమో బడివాళ్లు అమ్మేసిన పాత డబ్బా, అందులో లినక్స్ వేశారు. లినక్స్ మంచిదే. పాతవాటిలో కూడా హాయిగా నడుస్తుంది, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. చిక్కంతా నా దగ్గర ఉంది. నేను ఆటను గేమ్ ఇంజన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేస్తాను. బొమ్మలు గీసి, గొర్రెలు ఎలా నడవాలో రాసి పెడితే, అది అన్నీ కలిపి మూటకట్టి ఇస్తుంది. ఇన్నాళ్లూ దానికి విండోస్‌కు మూట కట్టడమే వచ్చు. లినక్స్‌కు కట్టడం కొత్త వెర్షన్‌లో వస్తుందని చెప్పారు. రాగానే మొదటి మూట నీకే.

అమ్మ నీ ఉత్తరం పట్టుకొని "నా తమ్ముడు రాకుంటే పెండ్లెట్ల జేస్త" అని ఒకటే ఏడుపు. నాకూ ఏడుపొస్తోంది. నువ్వు లేకుండా నేను మండపానికి రాను మామా, నడిచి కూడా రాను.

నీ కోడలు,
స్నేహలత

తా.క. మడత బాగానే ఉంది. ఉత్తరం మీద మిర్చి బజ్జీ నూనె మరక మాత్రం ఉంది.

*

తాండూరు

స్నేహలతకు ప్రెసిడెంటు ఈరయ్య రాయునది.

ఏందే కోడలా, సొంత మామకు పుస్తకం లెక్క రాస్తవు? చదువుతుంటే బ్యాంకోళ్ల నోటీసు చదివినట్టే ఉన్నది.

సరే. లినక్స్ ఎవ్వరన్న ఊరికే వాడుకోవచ్చంటివి. అంటే ఊరి గైరాన్ భూమి లెక్క, అందరి గొర్లు మేస్తయ్. గంత మంచిదైతే గా ఇంజనోళ్లకు దాని మీద ఏం పగ? పైనుంచి మా కంప్యూటర్‌ను పాత డబ్బా అన్నవ్. సంఘపోళ్లకు చదివి వినిపించిన. అందరికి కోపమొచ్చింది. మీటింగ్ పెట్టి "లినక్స్‌కు మూట కట్టని ఇంజనోళ్లను సంఘం ఖండిస్తున్నది" అని తీర్మానం జేసినం. ముద్ర గుద్ది దీంతోటే పంపుతున్న. వాళ్లకు అందజెయ్యి. జల్ది జవాబు రాకుంటే గొర్లను తోలుకపోయి వాళ్ల ఆఫీసు ముంగట కూసుంటం. ఆఫీసు ధారూర్ స్టేషన్‌కు ఇవతలనా, అవతలనా? రాయి.

ఇంకోటి. మొదటి మూట నాకేనంటవు. పెండ్లిపిలగాడు ఇప్పటికే ఆడి, గుట్ట గూడ ఎక్కిండని మత్తయ్య పెండ్లాం హన్మమ్మ చెప్పింది. నాది మొదటిదెట్లయితది? గంప సంగతి మల్ల ఎత్తకు.

ఈరయ్య, ప్రెసిడెంటు

తా.క. అక్కను ఏడ్వద్దని చెప్పు. నేను చెప్పమన్ననని చెప్పకు.

తా.క. బజ్జీ నాది కాదు. పక్క సీటాయనది. – మత్తయ్య

*

వికారాబాద్

మామకు నమస్కారాలు.

మీ తీర్మానాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి ఇంజన్ వాళ్లకు పంపాను, ముద్ర ఫొటోతో సహా. వాళ్ల ఆఫీసు ధారూర్‌కు చాలా అవతల. గొర్రెలను విమానం ఎక్కించాలి.

ఆ అవసరం ఇప్పుడు లేదులే. కొత్త వెర్షన్ వచ్చేసింది. లినక్స్‌కు కూడా మూట కడుతోంది! మీ తీర్మానానికి భయపడి చేశారని సంఘంలో చెప్పుకో, నేను కాదనను. మొదటిసారి కట్టినప్పుడు గొర్రెలన్నీ వాగు మీద గాలిలో నడిచాయి. రెండోసారి గొర్రెలు నేల మీదికి దిగాయి, అనంతగిరి గుట్ట మాయమైంది. అన్నీ సరిచేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను. పెట్టి నొక్కు, చాలు.

పెళ్లి పత్రికలు అచ్చయ్యాయి. అందరికన్నా పైన నీ పేరే ఉంది. ఇప్పటికైనా వస్తానను మామా.

నీ కోడలు,
స్నేహలత

తా.క. మత్తయ్య కాకా, పెన్‌డ్రైవ్ చాలా చిన్నది. బజ్జీల పొట్లంలో పెట్టకు.

*

తాండూరు

కోడలు స్నేహలతకు మామ రాయునది.

నీ ఆట తెరుసుకోలే. అసలే తెరుసుకోలే. ఎంత నొక్కినా లేదు.

ఎందుకు తెరుసుకుంటది? శుభకార్యమంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలె. పెన్‌డ్రైవ్ పంపి పిలిస్తే ఏ మనిషన్న వస్తడా? గొర్రె గూడ రాదు. పత్రికను గూడ మత్తయ్య చేతికే ఇచ్చి పంపేటట్టున్నవ్.

చిన్నప్పుడు ఎండకాలమంత మా ఇంట్లనే ఉంటుంటివి. మీ అత్త అన్నం పెడితే నా కంచంలకొచ్చి తింటుంటివి. ఇప్పుడు రైలెక్కితే ఎంతసేపు, అయినా మా గడప తొక్కక ఎన్ని దినాలాయె? పెండ్లయినంక ఇంకెక్కడ కనిపిస్తవ్? కుంకుమ పట్టుకొని నువ్వే రా. నాకు పెట్టు, అత్తకు పెట్టు, గీ కంప్యూటర్‌కు గూడ పెట్టు. అప్పుడు ఆట సంగతి, గంప సంగతి చూద్దాం.

నీ మామ,
ఈరయ్య

తా.క. వాగుకాడ నిలబడే మన మోతి కుక్కకు తెల్ల చెవు ఎడమ దిక్కుంటది. నువ్వు కుడి దిక్కు ఏసినవ్. అది సచ్చిపోయి ఏండ్లయినా నేను మరుస్తనా? ఊకె, నీకు తెల్వాలని చెప్పిన.

*

వికారాబాద్

మామా, మంచిగ ఇల్లు చేరిన. ఈసారి పుస్తకం లెక్క రాయను.

నిన్న మీ ఇంట్ల ఎంత మంచిగ యాక్టింగ్ జేసినవ్ మామా! నేను కంప్యూటర్‌కు బొట్టు పెట్టంగనే, "చూసిన్రా, పిలుపంటే గిట్లుండాలె" అని సంఘపోళ్లతోని అని ఆట నొక్కినవ్. తెరుసుకోంగనే నోరు తెరిసినవ్. ఇగ మొదటిసారి ఆడేటోడు ఒక్క గొర్రె గూడ తప్పిపోకుండ వాగు దాటించి, దారి ఎవ్వర్ని అడగకుండ గుట్ట దాక తోలిండు! అందరు చప్పట్లు కొట్టిన్రు. అత్త మాత్రం కొంగు నోట్లె పెట్టుకొని లోపలికి ఉరికింది.

తెరుసుకోని ఆటల మోతి చెవు ఎట్ల కనవడ్డది మామా?

మత్తయ్య కాక ఇంట్ల ఉన్న ఆటల కుక్కనే లేదు. పెండ్లిపిలగాడి దాంట్ల గూడ లేదు. మోతిని నీ లినక్స్ మూటలనే పెట్టిన, నీ కోసం. మొదటి మూట అన్నది గందుకే. చెవు గూడ మరిచిపోయి తప్పు ఏయలే, కావాల్ననే ఏసిన. తెరుసుకున్నా నువ్వు తెరుసుకోలేదంటవని నాకు ఎరుక. మోతి చెవు తప్పుంటే మాత్రం చెప్పకుండ నీ పాణం ఊకోది.

నీ తా.క. చదివి నేను, అమ్మ కూసోని నవ్వినం. నవ్వి నవ్వి ఏడ్సినం. నీకు కోపం ఎప్పుడో పోయింది, నన్ను చూడబుద్ధయి పిలుస్తున్నవ్ అని సమజైంది. అప్పుడే కుంకుమ భరిణె పట్టుకొని రైలెక్కిన.

అమ్మ గంప కొన్నది. నేను చిన్నప్పటంత తేలిగ్గ లేను మామా. ఇప్పటిసంది పొట్టేలును ఎత్తుకొని అటిటు తిరుగు.

నీ కోడలు,
స్నేహ

తా.క. తెల్ల చెవును ఎడమ దిక్కు మార్చిన. కొత్త మూట పంపుతున్న. ఇది తెరుసుకోలేదని రాయకు.

తా.క. అక్షరాలు అలుక్కపోయింది నా కండ్ల నీళ్లకు. బజ్జీకి కాదు. – మత్తయ్య