గిరాకి

ములుగు తాలూకా,
1984 మార్చి

తమ్ముడు రాజమల్లుకు,

యోగక్షేమాలు అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. మొన్న ఆదివారం గుడి చూడటానికి వచ్చిన టూరిస్టు బస్సు దిగి, మా హోటల్లో చాయ్ తాగింది నువ్వేనట. రైల్వే ఉద్యోగమని నాగపూర్ పోయిన పన్నెండేళ్లకు వచ్చావు. నల్లద్దాలు, మెడలో కెమెరా చూసి మీ బావ "గిరాకొచ్చింది, జల్ది చాయ్ పొయ్యి" అన్నాడు. గ్లాసు పెట్టాను, మొహం చూడలేదు.

మనూరికి రోడ్డు లేని రోజుల్లో, అడవి దాటి ఎవరొచ్చినా అమ్మ "చుట్టమొచ్చిండు" అనేది, ముందు కాళ్లకు నీళ్లిచ్చేది. ఇప్పుడు బస్టాండు నుంచి గుడి దాకా హోటళ్లే. చుట్టం అన్న మాటే వినబడదు.

బస్సెక్కే ముందు నువ్వు బస్టాండులో గాజులమ్మే మల్లక్కతో మాట్లాడావట, ఆమె చెబితేనే నాకు తెలిసింది. నన్ను పలకరించకుండా ఎందుకు పోయాడని అడిగితే, "నీ మొహమే చూసుకుంట కూసున్నడట. నువ్వే అన్నవట, 'తాగినోళ్లు లేవుండ్రి, ఎనక గిరాకి నిలవడ్డది' అని" అంది.

అనే ఉంటాను తమ్ముడూ. రోజూ అంటాను. నీతో ఎప్పుడన్నానో గుర్తు లేదు.

మళ్లీ వస్తే బస్సు దిగగానే "అక్కా" అని గట్టిగా పిలువు. లేకపోతే మళ్లీ చాయే పోస్తాను.

మీ అక్క